పదిహేడు రీడింగులు

“ఆ డబ్బా బల్ల మీంచి తీస్తావా, లేకపోతే కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినమంటావా?” అన్నారు అత్తగారు.

ఆమె తీయలేదు. తీస్తే వైర్లు కదులుతాయి, వైర్లు కదిలితే పొద్దుటి నుంచి రాస్తున్న అంకెలకి అర్థముండదు. ఒంటిగంట రీడింగు రాసుకుని, డబ్బా చుట్టూ కంచాలు సర్దింది.

ఆ డబ్బా ఆమె నాలుగు నెలల కష్టం. కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ఆమె టెక్నీషియన్. అక్కడ బల్లలకి కరెంటిచ్చే పాత పవర్ సప్లై డబ్బాలకి నిలకడ లేదు. ఐదు వోల్టులకి తిప్పి పెడితే, పక్క బల్ల వాళ్ళు స్విచ్చి వేయగానే నాలుగున్నరకి జారతాయి. గ్రాఫులు వంకర పోతాయి, పిల్లలు తిట్లు తింటారు. పొరపాటున రెండు వైర్లు తాకితే మీటరు కాలిపోతుంది, మళ్ళీ తిట్లే. అందుకని ఆమె కూర్చుని ఇది కట్టింది. ఇరవై మిల్లీయాంపియర్ల లోపు ఎంత కరెంటు లాగినా ఐదు వోల్టులు ఐదుగానే ఉంటాయి. అంతకు మించి లాగబోతే ఇవ్వదు, అంతే. మీటరూ బతుకుతుంది, పిల్లలూ బతుకుతారు.

హెడ్డుగారికి నచ్చింది. “అన్ని బల్లలకీ ఇవే పెడదాం. కానీ ఎనిమిది గంటలు ఆపకుండా నడిపి, అరగంటకోసారి రీడింగు రాసి చూపించమ్మా. నిలబడితే మనదే, లేకపోతే బయట నుంచి తెప్పిస్తాను” అన్నారు. ల్యాబులో వారమంతా క్లాసులే. అందుకే ఆదివారం ఇంటికి మోసుకొచ్చింది. తొమ్మిది నుంచి ఐదు దాకా పదిహేడు రీడింగులు. కూర్చుని చూడటమేగా, ఇంతకన్నా సుఖమైన పని ఉంటుందా అనుకుంది పిచ్చితల్లి!

పదిన్నరకి అత్తగారి మోకాళ్ళకి వేడినీళ్ళు కాచింది. పదకొండున్నరకి ఆమె భర్త వచ్చి, “ఆ ఐదు వోల్టులకి దోమైనా చస్తుందా? దానికో కాపలా!” అని నవ్వారు. నవ్వి, “కాస్త టీ” అన్నారు. పన్నెండున్నరకి వంటింట్లో ఉంది. “క్షణం తీరిక లేదు, దమ్మిడీ ఆదాయం లేదు” అన్నారు అత్తగారు. భోజనాలయ్యాక గిన్నెలు కడిగి వచ్చేసరికి ఒకటిన్నర దాటింది. డబ్బా దీపం ఆరిపోయి ఉంది. గోడకున్న ప్లగ్గులో ఇస్త్రీపెట్టె ఉంది.

“రెండు నిమిషాలేగా, మళ్ళీ పెట్టేస్తాను” అన్నారాయన, చొక్కా చెయ్యి తిరగేస్తూ. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఆయన తన చొక్కా తాను ఇస్త్రీ చేసుకోవడం అదే మొదటిసారి. మూడున్నరకి అత్తగారు తన చెల్లెలికి ఫోను కలిపిమ్మన్నారు. రీడింగుల కాగితంలో ఆ గడి కూడా ఖాళీగా పోయింది.

సోమవారం హెడ్డుగారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. “ఐదు గడులు ఖాళీ, మధ్యలో కరెంటే పోయింది. ఇది పరీక్ష కాదమ్మా. వచ్చే సోమవారానికి కూడా ఇలాగే ఉంటే ఆర్డరు ఇచ్చేస్తాను.”

ఆయనన్నది న్యాయమే. అదే ఆమెకి ఎక్కువ బాధగా ఉంది. అన్యాయమైతే దెబ్బలాడేది. సాయంత్రం ల్యాబులో ఒక్కతే ఆ కాగితం ముందేసుకుని కూర్చుంది. రాసిన ప్రతి గడిలోనూ ఐదే ఉంది. డబ్బాలో ఏ లోపమూ లేదు, ఖాళీలన్నీ తనవి. ఈ పద్దెనిమిదేళ్ళలో వరసగా ఎనిమిది గంటలు తనవంటూ ఎప్పుడైనా ఉన్నాయా అని వెతుక్కుంది. జ్వరంతో ఆసుపత్రిలో పడుకున్న రోజున కూడా పప్పుడబ్బా ఏ అరలో ఉందో ఫోనులో చెప్పింది. అది గుర్తొచ్చి ఏడుపు తన్నుకొచ్చింది.

మళ్ళీ ఆదివారం వంట చేసి మూతలు పెట్టి, “ల్యాబుకి వెళ్తున్నాను, ఐదింటి దాకా రాను” అంది.

“ఆదివారం కాలేజీ ఏమిటి? అమ్మకి మందులెవరిస్తారు?”

“మందులు బల్ల మీదున్నాయి. మీరు ఇంట్లో ఉన్నారు” అంది. చెప్పులు వేసుకుని గడప దాటింది.

ల్యాబు లోపల గడియ పెట్టుకుంది. స్టూళ్ళన్నీ బల్లల మీద తలకిందులుగా ఉన్నాయి. తొమ్మిదింటికి మొదటి రీడింగు రాసింది. పదింటికి ఫోను మోగింది. ఎవరికేమైందోనని గబుక్కున తీసి చూసింది. మెసేజి వచ్చింది: ‘చక్కెర ఎక్కడుంది?’ ఆ తర్వాత ‘వేడినీళ్ళ సంచీ ఎక్కడుంది?’ ఆ తర్వాత ‘ఇంత పంతమా?’ చదివింది, జవాబివ్వలేదు. ప్రతి మోతకీ చెయ్యి తనంతట తానే ఫోను వైపు వెళ్ళేది, వెనక్కి తెచ్చుకునేది.

ఐదింటికి పదిహేడో గడి నిండింది. సంతోషం వస్తుందనుకుంది, రాలేదు. ఒళ్ళంతా బరువుగా ఉంది. ఇంట్లో ముఖాలు ఎలా ఉంటాయో తెలుసు, ఎన్నాళ్ళుంటాయో కూడా తెలుసు.

పాత కాగితం తీసింది. ఖాళీ గడుల పక్కన, రిమార్కులు అని ఉన్నచోట, అంకెలు రాసే ఆ గుండ్రటి చేతిరాతతోనే రాసింది: వేడినీళ్ళు. టీ. వంట. గిన్నెలు, ఇస్త్రీపెట్టె. ఫోను కలిపివ్వడం. హెడ్డుగారు చదువుతారు. చదవనీ. రెండు కాగితాలూ కలిపి పిన్ను గుచ్చి, కొత్త కాగితం చివర ఒక్క మాట రాసి సంతకం పెట్టింది.

‘ఫోను పదకొండు సార్లు మోగింది. వోల్టేజిలో మార్పు లేదు.’