ఆది ఉండగా టేపెందుకు?

నాకు ఆకు కదిలినా పామే. పిల్ల బడినుంచి కాస్త ఆలస్యమైతే ఆస్పత్రులన్నీ కళ్ళముందు తిరుగుతాయి. అన్నిటికీ భయపడ్డదాన్ని, నేను కాజాలు కుట్టే టైలర్ షాపుకి మాత్రం భయపడలేదు.

ఆ రోజు అక్కణ్ణుంచి కొత్త యూనిఫాం సంగతి కనుక్కు రమ్మంటే పిల్ల కదల్లేదు.

"అమ్మా, కంగారు పడనంటే ఒకటి చెప్తా."

"పడనులే," అన్నాను, అప్పటికే సగం కంగారు పడిపోయి.

"మాస్టర్ మళ్ళీ కొలతలు తీస్తానంటున్నాడు."

"ఆది ఇచ్చాం కదే?"

సరిపోయే పాత జత ఒకటి ఆదిగా ఇస్తే, దాన్ని బల్లమీద పరిచి కొలుస్తారు. ఇక మనిషిమీద టేపు పెట్టే పనే లేదు.

"అది పక్కన పడేశాడు. నన్ను షాపులో కూర్చోబెట్టి నువ్వు ఇళ్ళకి బట్టలివ్వడానికి వెళ్ళినప్పుడల్లా లోపలి గదిలోకి పిలిచి... చేతులు ఎక్కడెక్కడో వేస్తాడు. చెప్తే మీ అమ్మ గుండాగి చస్తుందన్నాడు."

నా భయంతోనే నా బిడ్డ నోటికి తాళం వేశాడు, పాపిష్టి వెధవ!

దగ్గరికి తీసుకున్నాను. "తప్పంతా వాడిది. చెప్పి మంచిపని చేశావు తల్లీ."

"ఏడవట్లేదేంటమ్మా?"

"తర్వాత ఏడుస్తా. ముందు వాణ్ణి ఏడిపించాలి."

కత్తెరతో వెళ్దామనిపించింది. కానీ నేను జైలుకెళ్తే వాడు దర్జాగా బయట తిరుగుతాడు. అందుకే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. అక్కడ ఒక ఆడ పోలీసు తొందరపెట్టకుండా అంతా విన్నది. పిల్లని మా అక్క దగ్గర వదిలి, ఆ పోలీసుని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళాను.

"ఏంటి చెల్లెమ్మా, ఇంత ఆలస్యం?" అన్నాడు మాస్టర్.

"ఆది ఉండగా ఆడపిల్ల ఒంటిమీద టేపెందుకు మాస్టరూ?"

మిషన్లన్నీ ఆగిపోయాయి. ఆ మాటకర్థం అక్కడ అందరికీ తెలుసు.

"గుండాగుతుందన్నావట. నాది బాగానే కొట్టుకుంటోంది, నీది చూసుకో."

నా వెనకాల ఖాకీ బట్టలు చూసి వాడి మొహం మాడిపోయింది. ఆ మొహం తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయిస్తుంది.

సాయంత్రం వాడి పెళ్ళాం వచ్చింది. "పిల్ల పరువు పోతుంది వదినా, కేసొద్దు."

"పోయేది మీ ఆయన పరువు. పోనీ, ఒక్క పోగు కూడా మిగలకూడదు."

మర్నాడు షాపులో ఇస్త్రీ చేసే ఆవిడ తన కూతుర్ని తీసుకుని మా గుమ్మంలో నిలబడింది. "ఇదీ ఏదో చెప్పాలంటోంది..."

నా కూతురు పక్కకి జరిగి, ఆ పిల్లకి చోటిచ్చింది. "చెప్పు. నేనూ చెప్పాగా."

ఆ పిల్ల చెప్పడం పూర్తయ్యేదాకా ఆగి, చెప్పులేసుకున్నాను.

"పదండి స్టేషన్‌కి, వాడికి బెయిల్ రాకముందే."