జూన్ ఒకటో తారీఖు పిల్లలు

త్రిపురసుందరి టీచరు గారు మూడు రోజులుగా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. హాల్లోంచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి వంటింట్లోకి, వంటింట్లో ఏం పనో గుర్తురాక మళ్లీ హాల్లోకి. బెంజ్ సర్కిల్ పక్కన ఫ్లాటు కాబట్టి కింద హారన్ల మోత ఎలాగూ ఆగదు, ఇప్పుడు పైన ఈవిడ చెప్పుల టపటపలు తోడయ్యాయి. డెబ్భై ఏడేళ్ల మనిషి, మే నెల ఎండలు. కాసేపు కూర్చోమంటే కూర్చుంటేనా!

“నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి బామ్మా,” అంది మనవరాలు అపూర్వ, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని. “ఉత్తరం మొత్తం అయిపోయింది. ఒక్క డేట్ చెప్తే ప్రింట్ తీయించుకొస్తా.”

ఆ ఒక్క డేటే లేదు. గొడవంతా దాని గురించే.

మూడు రోజుల కిందట అమలమ్మ వచ్చింది. టీచరు గారి దగ్గర ఒకటో తరగతి చదివిన పిల్ల. పిల్లేమిటి నా మొహం, ఇప్పుడు దానికీ డిగ్రీ చదివే మనవరాలుంది. అమలమ్మ ఒక ఆడపిల్లల కాలేజీ హాస్టల్లో వంట చేస్తుంది. హాస్టల్ వెనకాల గది ఇచ్చారు. తల్లీ తండ్రీ లేని మనవరాలు రుచితని ఆ గదిలోనే ఉంచుకుని, అదే కాలేజీలో చదివించుకుంటోంది. ఇప్పుడు ఆఫీసువాళ్లు పిలిచి, స్కూలు సర్టిఫికెట్ ప్రకారం జూన్ ఒకటికి నీకు అరవై నిండుతున్నాయి, పని మానేసి గది ఖాళీ చెయ్యాలి అన్నారు. రుచితకి ఇంకా రెండేళ్ల చదువుంది.

“నాకు అరవై ఎక్కడివి టీచర్ గారూ,” అంది అమలమ్మ. “మా అక్క చంకెక్కి బడికొచ్చినదాన్ని. ఆ మాటే చెప్పానండీ. అయితే నిన్ను బళ్లో వేసుకున్న టీచరు చేత అసలు తారీఖు రాయించుకురా, చూద్దాం అన్నారండీ.”

“దానికేం భాగ్యం, రాసిస్తాను,” అనేశారు టీచరు గారు.

అనడం ఎంతసేపు! అమలమ్మ లిఫ్టు ఎక్కిందో లేదో ఈవిడకి మొదలైంది.

ఆ ఇంట్లో అమలమ్మ కథ తెలియనివాళ్లు లేరు. చంటిదాన్ని ఎత్తుకోవాలని పెద్దపిల్ల బడి మానేస్తుంటే, టీచరు గారు వాళ్ల అమ్మని పిలిపించి, ఇద్దర్నీ పంపమన్నారట. మూడేళ్లదాన్ని ఐదేళ్లని రాసుకుని పలక చేతికిచ్చారట. చిన్నప్పుడు అపూర్వకి ముద్ద దిగాలంటే ఈ కథ చెప్పాల్సిందే. మా బామ్మంటే ఏమనుకున్నారు అని కాలేజీలో స్నేహితురాళ్లకి కూడా చెప్పుకుంది. కథ మంచిదే. కాకపోతే అందులో సగమే నిజం.

మిగతా సగం యాభై ఐదేళ్లుగా టీచరు గారి కడుపులో ఉంది. తేలు కుట్టిన దొంగ కిక్కురుమంటాడా? ఈవిడా అంతే.

మర్నాడు పొద్దున్నే, అప్పట్లో తనతో పనిచేసిన లక్ష్మీకాంత్ మాస్టారికి ఫోన్ చేశారు. ఆయనకి చెవుడు, అందుకని అరిచి చెప్పాల్సొచ్చింది.

“పుట్టిన తేదీయా?” అని ఆయన పకపకా నవ్వారు. “భలేవారండీ! మనం ఎవరి తేదీ అడిగి రాశాం కనక? అందరికీ జూన్ ఒకటేగా. మన చేతిలో పడ్డవాళ్లు సగంమంది ఆ రోజే పుట్టారు. ఇంకో జూన్ ఒకటి రాసి పారెయ్యండి, రెండేళ్లు ఇటు జరిపి.”

టీచరు గారు ఫోన్ పెట్టేశారు. ఆ సలహా తనకీ తట్టకపోలేదు. అందుకే ఒళ్లు మండింది.

మూడో రోజు మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నారన్నమాటే గానీ ముద్ద దిగలేదు. సాయంత్రం నాలుగింటికి అమలమ్మ వస్తుంది.

“బామ్మా, పోనీ ఏదో ఒకటి వేసేద్దాం,” అంది అపూర్వ. “అరవై ఏడు జూలై పది. ఎవరికి తెలుస్తుంది? అప్పుడు మంచిపని కోసం రాశావు, ఇప్పుడూ మంచిపని కోసమేగా.”

“మంచిపనీ లేదు, మట్టిగడ్డా లేదు,” అన్నారు టీచరు గారు. కంచం పక్కకి నెట్టేశారు. “నా పోస్టు కోసం రాశానే.”

అపూర్వకి అర్థం కాలేదు.

“డెబ్భై జూన్. నాకు ఉద్యోగం వచ్చి ఏడాది. బళ్లో నలభైమంది లేకపోతే రెండో టీచరు పోస్టు ఎత్తేస్తామన్నారు. రెండో టీచర్ని నేను. ఎత్తేస్తే ఎక్కడో దివిసీమ చివరికి వేస్తారు, అప్పుడే పెళ్లయింది. ఎంత తిరిగినా ముప్ఫై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. ఇది నలభయ్యోది. ఐదేళ్లు నిండాయో లేదో చూడ్డానికి పిల్లల్ని తల మీంచి చెయ్యి తిప్పి అవతలి చెవి పట్టుకోమనేవాళ్లం. దీని చెయ్యి నడినెత్తి కూడా దాటలేదు. నేనే వేళ్లు పట్టుకుని లాగాను. ఏడ్చింది. అందింది అని రాసుకున్నాను.”

“మరి వాళ్లక్క?”

“అది రెండో ఏడే మానేసింది. నేనేమీ ఆపలేదు.”

చెప్పేశాక మనవరాలి మొహంలోకి చూడాలంటే భయమేసింది టీచరు గారికి. ముప్ఫై ఆరేళ్లు పిల్లలకి అబద్ధం ఆడకూడదని పాఠం చెప్పిన నోరు. ఈ ఇంట్లో తన మాటంటే ఉన్న గౌరవమంతా ఈ పిల్ల కళ్లలోనే ఉంది. అది పోతే ఇంకేం మిగులుతుంది?

అపూర్వ లాప్‌టాప్‌లో ఉన్నదంతా చెరిపేసింది. “సరే. జరిగింది జరిగినట్టు చెప్పు, మళ్లీ కొడతాను,” అంది. గొంతు కాస్త పొడిగానే ఉంది. టీచరు గారు చెప్పారు. నలభై సంగతి, చెవి సంగతి, అంతా. పిల్లకి అప్పటికి సుమారు మూడేళ్లని, తేదీ మాత్రం తెలియదని.

నాలుగింటికి అమలమ్మ వచ్చింది. టీచరు గారే కళ్లజోడు పెట్టుకుని ఉత్తరం పైకి చదివారు. అమలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. చదవడం అయ్యాక, “తారీఖు లేకపోతే ఒప్పుకోరేమోనండీ,” అంది. తిట్టినా బాగుండు అనిపించింది టీచరు గారికి.

“నేనూ వస్తాను పద. నా తప్పు నేనే చెప్పుకుంటాను.”

ఆటోలో ముగ్గురూ ఇరుక్కుని వెళ్లారు. కాలేజీ ఆఫీసులో పెద్దాయన ఉత్తరం రెండుసార్లు చదివాడు.

“ఇది మీరే రాశారా అండీ?”

“నేనే చెప్పి రాయించాను. అప్పుడు రిజిస్టర్లో అబద్ధం రాసిందీ నేనే.”

ఆయన ఉత్తరం బల్ల మీద పెట్టాడు. “కొత్త తారీఖు వేసి తెచ్చుంటే పక్కన పడేసేవాణ్ణండీ. రోజూ ఇద్దరు ముగ్గురు అలాంటివి తెస్తారు. ఇలా తనమీద తనే రాసుకునేవాళ్లని ఎక్కడా చూళ్లేదు,” అన్నాడు. రుచిత డిగ్రీ అయ్యేదాకా అమలమ్మని పనిలోనే ఉంచుతామని ఆ ఉత్తరం మీదే రాసి సంతకం పెట్టాడు.

బయట మెట్ల మీద అమలమ్మ కళ్లు తుడుచుకుంది. అపూర్వ ఆటో కోసం గేటు దగ్గరికి వెళ్లింది. టీచరు గారి గుండె మూడు రోజుల్లో మొదటిసారి కాస్త నిమ్మళించింది.

“ఒక్క మాట అడగనా టీచర్ గారూ,” అంది అమలమ్మ. “బళ్లో వేసిన రోజు మా అమ్మ ఏమీ చెప్పలేదాండీ, నేనెప్పుడు పుట్టానో?”

చెప్పింది. అదే మూడు రోజులుగా ఈవిడని కూర్చోనివ్వనిది. ఆ తల్లి బడి గుమ్మం దగ్గర బురద కాళ్లతో నిలబడి, ఏదో గుర్తు చెప్పింది. ఊడ్పులప్పుడందో, కోతలప్పుడందో, కాలవకి నీళ్లు వదిలిన రోజందో. “అవన్నీ ఎందుకమ్మా, తారీఖు తెలుసా? తెలీదుగా, వెళ్లు” అని తను కసిరారు. ఆ కసురు గుర్తుంది గానీ, ఆమె మాట గుర్తు లేదు.

“చెప్పిందమ్మా,” అన్నారు టీచరు గారు. “నేనే వినిపించుకోలేదు.”

అమలమ్మ తలూపింది. కోపం లేదు ఆ మొహంలో.

“అమ్మని ఎన్నోసార్లు అడిగానండీ, నేనెప్పుడు పుట్టానే అని. పోయేముందు కూడా అడిగాను. నాకెందుకే గుర్తుండాలి, టీచరమ్మకి అప్పుడే చెప్పేశాగా, ఆవిడ పుస్తకంలో రాసుకుంది, అక్కడ భద్రంగా ఉంటది అనేదండీ.”