సమాజం వారి బర్రె

మైసమ్మ రెండు మోకాళ్ల మధ్య ముంత ఇరికించుకుని పాలు పితుకుతోంది. తెల్లవారుతోంది గానీ ఇంకా మసక వీడలేదు. ఆమె వేళ్లు కణుపుల దగ్గర ఉబ్బి వంకర తిరిగి ఉన్నాయి. అయినా ధార తప్పడం లేదు. బొల్లిమొహం బర్రె ఒకసారి తల తిప్పి చూసి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది.

"గా బర్రెకు ఏసే గడ్డిల సగం నాకేస్తే నేను గూడ పాలిస్తుంటి," గుడిసెలోంచి దగ్గుతూ అన్నాడు మొగుడు కురుమయ్య.

"నిన్ను గూడ ఇన్నేండ్లు మేపిన గదా. దగ్గు తప్ప ఏమిచ్చినవ్?"

అతను నవ్వబోయి మరింత దగ్గాడు. ఊపిరి అందాక అడిగాడు.

"ఇయ్యాల వకీలు సారు వస్తడు. పాలు ఎవ్వలు కొంటున్నరంటే ఏం చెప్తవ్?"

మైసమ్మ లేచింది. ముంత మీద మోదుగాకు కప్పి, కొంగు చాటున పెట్టుకుని బయలుదేరింది.

ఆ బర్రె నిరుపేద జనోద్ధరణ సమాజం వారిది. సమాజానికి సెక్రటరీ మహబూబ్‌నగర్ వకీలు కిషన్‌రావు. నిరుడు చలికాలం ఆయన ఈ ఊరి మాదిగవాడకు వచ్చి, వెంట తెచ్చుకున్న చాప పరుచుకుని ఉపన్యాసం ఇచ్చాడు. మనుషులంతా ఒకటేనన్నాడు. తమకు అంటూ ముట్టూ లేవన్నాడు. పోయేటప్పుడు చాప అక్కడే వదిలేసి పోయాడు. దానం చేశాడని వాడంతా సంబరపడింది.

తర్వాత మైసమ్మకు బర్రెను ఇచ్చారు. ఏడాది తిరిగేలోగా పాలు అమ్ముకుని బతకాలి. కొనేవాడొకడు సెక్రటరీ ఎదుట నిలబడి అవునని చెబితే బర్రె ఆమెకు సొంతం. లేకపోతే వెనక్కి. మాదిగ ఇంటి పాలు ఈ ఊళ్లో ఎవరూ ముట్టరన్న సంగతి సమాజం పెద్దలకు తెలియక కాదు. కానీ తీర్మానం అప్పటికే అచ్చుకు పోయింది. హైదరాబాదులో చప్పట్లు కూడా మోగిపోయాయి.

మైసమ్మ బతుకంతా పటేలు గొడ్లచావిట్లో వెట్టిగా గడిచింది. ఊడ్చేది, గడ్డి కోసేది, కుడితి పెట్టేది. పాల దగ్గరికి మాత్రం పోరాదు. బర్రె వచ్చిన మర్నాటి నుంచి ఆమె ఆ చావిడి వైపు పోలేదు. సమాజం పేరు విని పటేలు ఊరుకున్నాడు. అంతే గానీ మరిచిపోలేదు. నిన్న దారిలో ఎదురై, "రేపటితోటి నీ పండుగ అయిపోతది. ఎల్లుండి చీపురు పట్టుకొని రా," అన్నాడు. బర్రె ఉంటే మైసమ్మ పోనక్కర్లేదు. బర్రె పోతే పోవాలి. ఆమెకు లోకమంతా కొనేవాడు చెప్పే ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది.

కొల్లాపూర్ రోడ్డు మీద బస్సు ఆగేచోట ఖాజామియా చాయ్ హోటలుంది. మైసమ్మ వెనక కంచె సందులోంచి వెళ్లి ముంత కింద పెట్టింది. ఖాజామియా అటూ ఇటూ చూసి పాలు తన గిన్నెలో వంపుకున్నాడు. అడిగినవాళ్లకు అతను చెప్పేది ఒకటే, తండా నుంచి లంబాడీలు తెస్తారని.

కొబ్బరిచిప్పలో ఆమెకు చాయ్ పోశాడు. ఆమె తెచ్చిన పాలతోనే. ముందువైపు పింగాణీ కప్పుల్లో తాగేవాళ్లు వేరు, వెనకవైపు చిప్పలో తాగేవాళ్లు వేరు.

"ఖాజన్నా, ఒక్క మాట చెప్తవా వకీలు సారుకు?"

"చెప్తే నా పొయ్యి ఆరుతది గదనే మైసమ్మా!"

"అయితే వద్దు తియ్యి. నా బర్రె కోసం నీ పొయ్యెందుకు?"

ఆమె చిప్ప కడిగి, కంచెకు బోర్లించి వెళ్లిపోయింది. అటునుంచటే వాగు ఒడ్డుకు పోయి గడ్డి కోసింది. మోపు దించేసరికి మధ్యాహ్నం దాటింది.

బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు రొప్పుతూ వచ్చి ఆగింది. కిషన్‌రావు దిగాడు. తెల్లటి షేర్వానీ, మెరిసే బూట్లు. వెంట గుమాస్తా సీతాపతి. దారి దుమ్ముకు గొంతులు ఎండిపోయి ఇద్దరూ ముందు ఖాజామియా హోటల్లో కూర్చున్నారు.

"ఏం చాయ్ మియా! మీగడ పెదవులకు అంటుకుంటోంది," అన్నాడు వకీలు. రెండో కప్పు అడిగాడు. సీతాపతి మూడు తాగాడు. ఖాజామియా వాళ్లను చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పొయ్యి మీద మూత పెట్టి, పిలవకుండానే వాళ్ల వెంట మాదిగవాడకు నడిచాడు.

గుడిసె ముందు పటేలు అప్పటికే వచ్చి ఉన్నాడు. మైసమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"దండం దొరా."

"దొర అనకు. అందరం సమానమే," అన్నాడు కిషన్‌రావు, నాలుగడుగుల దూరంలోనే ఆగి. "పాలు ఎవరికి అమ్ముతున్నావు?"

మైసమ్మ నేల చూసింది.

"చెప్పవేం?"

"అమ్ముతలేనయ్యా."

"చూసిండ్రా సారు? సోమరిది," అన్నాడు పటేలు. "అన్ని పాలూ మొగుడు పెండ్లాలే తాగి పండుకుంటుండ్రు."

వకీలు బాధగా తల ఊపాడు. వీళ్లను బాగుచేయడం ఎంత కష్టమో అన్న బాధ అది. బర్రెను విప్పమని సీతాపతికి సైగ చేశాడు. మైసమ్మ బర్రె మెడ మీద చెయ్యి వేసి, తియ్యలేదు.

అప్పుడు వెనక నుంచి ఖాజామియా ముందుకొచ్చాడు. "నేను కొంటున్న సర్కార్. రోజూ నేనే కొంటున్న. మీరు తాగింది గూడ గీ పాలే. ఇప్పుడే బాగున్నయని మీరే అంటిరి."

అతను చిరునవ్వుతో చెప్పాడు. అంటూ ముట్టూ లేవన్న ఆ ఉపన్యాసాన్ని అతను కూడా విన్నాడు మరి.

 సీతాపతి మొహం పాలిపోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నాగజెముడు పొద చాటుకు పరుగెత్తాడు. గొంతులో వేలు పెట్టుకున్న చప్పుడు వాడంతా వినిపించింది. గుడిసెలో కురుమయ్య పకపకా నవ్వి, దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యాడు.

కిషన్‌రావు కక్కలేదు. చదువుకున్నవాడు. రుమాలు తీసి పెదవులు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. ఆ రుమాలును మడవకుండా వేళ్ల కొసలతో పట్టుకున్నాడు.

"ఇది మోసం," అన్నాడు. "చెప్పకుండా జనానికి తాగించడం మోసం. సమాజానికి చెడ్డపేరు. కులం సంగతి కాదు, నీతి సంగతి."

"చెప్తె తాగుదురా అయ్యా?" అని అడిగింది మైసమ్మ. గొంతు పెంచలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

కిషన్‌రావు పటేలు వైపు తిరిగాడు.

తగిన లబ్ధిదారు దొరికేదాకా బర్రె పటేలు చావిట్లో ఉంటుందని తేల్చారు. పటేలు వినయంగా ఒప్పుకున్నాడు. కిషన్‌రావుకు అప్పుడు ఇంకో మంచి ఆలోచన వచ్చింది.

"మైసమ్మను కూడా అక్కడే పనికి పెట్టుకోండి. బర్రెకు ఆమె చెయ్యి అలవాటు. పాపం, ఆమెకూ బతుకుతెరువు ఉండాలి కదా."

తన దయకు తనకే గొంతు కాస్త వణికింది.

బర్రె కదలనంటే మైసమ్మే దాని వీపు నిమిరి ముందుకు నడిపింది. సందు చివరిదాకా వెళ్లి ఆగింది. బర్రె ఒకసారి అరిచింది. తర్వాత పటేలు, వకీలు, గుమాస్తాల వెంట మూల తిరిగింది. ఖాజామియా తల దించుకుని ఆరబోయే తన పొయ్యి వైపు నడిచాడు.

ఆమె గుడిసె ముందుకు తిరిగి వచ్చింది. బర్రె పోతూ పోతూ వేసిన పేడ గుంజ పక్కన ఇంకా వెచ్చగా ఆవిరి కక్కుతోంది. దాని నడుమ వకీలుగారి బూటు ముద్ర, మడమ మేకులతో సహా, లోతుగా దిగి ఉంది.