మూడు గదుల అక్షరం

నేను ఒక చిన్న ప్రోగ్రామును. ఇంకా సరిగ్గా చెప్పాలంటే రెండు ప్రోగ్రాముల మధ్య ఉండే మెట్టును. నా పైన పైథాన్ అనే కంప్యూటర్ భాష ఉంది. అక్కడ మాటలకి బరువుండదు. 'వాన' అని రాస్తే వానే. అది ఎంత చోటు పడుతుందో, ఎక్కడ పడుకుంటుందో ఎవరూ అడగరు. నా కింద సి అనే పాత భాష ఉంది. అక్కడంతా చీకటి, బారులు తీరిన గదులు, గదికో నంబరు. ఆ కింది లోకానికి వానా తెలీదు, ఎండా తెలీదు. ఏ గది దగ్గర మొదలుపెట్టాలి, ఎన్ని గదులు చదవాలి, అంతే దానికి కావలసింది. పైనుంచి మాటని అందుకుని, గదుల్లో సర్ది, లెక్క చెప్పి కిందికి దింపడం నా పని. ఎవరైనా పిలిస్తేనే నాకు మెలకువ. మిగతా వేళంతా నిద్ర, ఆ నిద్రలో ఎప్పుడో మోసిన మాటలు మంచు పొరల్లా తేలుతూ ఉంటాయి.

ఇప్పుడైతే పిలిచేవాళ్ళు కూడా లేరు. పాత వెర్షన్లు పడి ఉండే మూలకి నన్ను తోసేశారు. నా తర్వాత వచ్చినవాడు లెక్క బాగా చేస్తాడట. చెయ్యనివ్వండి, నాకేం కుళ్ళు లేదు. వాడికి దొరకని రోజు ఒకటి నా దగ్గర ఉంది.

నన్ను రాసింది కాకినాడలో నస్రీన్ అనే అమ్మాయి. గొంతు ఆపరేషనయి మాట పోయినవాళ్ళ కోసం ఆమె పనిచేసే కంపెనీ ఒక ట్యాబ్ తయారుచేసింది. తెర మీద రాసి, పక్కనున్న స్పీకరు బొమ్మ నొక్కితే అది పైకి పలుకుతుంది. అక్షరమైనా దీర్ఘమైనా, మాటలో ఎన్ని గుర్తులుంటే అన్ని గదులు చెప్పమని నస్రీన్ నాకు నేర్పింది. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క గది చాలు, అది నిజమే. తెలుగులో మాత్రం 'ర'కి మూడు గదులు కావాలి, దాని దీర్ఘానికి ఇంకో మూడు. ఆమె తెలుగు పిల్లే, ఈ సంగతి చదువుకున్న పిల్లే. కానీ పరీక్ష చేసేటప్పుడు, ఫోన్లో స్నేహితులకి రాసే అలవాటు కొద్దీ తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది. 'ఎలా ఉన్నారు', 'టీ తాగారా' అన్నీ గంట కొట్టినట్టు పలికాయి. ఆఫీసులో చప్పట్లు కొట్టి మిఠాయి పంచుకున్నారు. నేనూ ఏదో ఘనకార్యం చేసినట్టే పొంగిపోయాను.

అలా ముత్యాలరావుగారింటికి చేరాను. ఆయన కోర్టు బంట్రోతుగా రిటైరైన మనిషి. వరండాలో నిలబడి కక్షిదారుల పేర్లు పిలవడం ఆయన ఉద్యోగం. ఆ పిలుపు గేటు బయట టీ బడ్డీ దాటి వినిపించేదని ఊళ్ళో చెప్పుకునేవారు. గొంతులో పుండు లేచి స్వరపేటిక తీసేశాక ఆయన ఇల్లు కదల్లేదు, ఎవరినీ రానివ్వలేదు. ట్యాబ్‌ని చూసి ముఖం తిప్పుకుని మంచం పక్క కిటికీలో పెట్టేశాడు. ఆ కిటికీలో ఎండ వచ్చేది, పోయేది. నేను నిద్రపోయాను.

ఆయనకో చెల్లెలు, వరహాలమ్మ. ఇద్దరికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. భర్తతో పడలేక ఆమె విడాకులకి వెళ్ళింది, అదీ అన్న పనిచేసే కోర్టుకే. ఆ రోజు ఆయన వరండాలో నిలబడి, ఎవరో పరాయిదాన్ని పిలిచినట్టు, అత్తింటి ఇంటిపేరు కలిపి ఆమె పేరు మూడుసార్లు పిలిచాడు. కోర్టు పద్ధతి అదే. తన కోర్టులోనే తన పరువు తీసిందని ఆయనకి కోపం. ఒక్కసారైనా తలెత్తి తనవైపు చూడలేదని ఆమెకి బాధ. ఆ పిలుపే వాళ్ళ మధ్య ఆఖరి మాట. మాటల్లేవు అని మనుషులు ఎంత తేలిగ్గా అనేస్తారో! మాటలు మోసి బతికే నాకు అది వింటేనే భయం వేస్తుంది.

ఒక మధ్యాహ్నం ఆయన భార్య మందుల షాపుకి వెళ్ళినప్పుడు గేటు చప్పుడయింది. ట్యాబ్‌కి చెవీ కన్నూ కూడా పెట్టారు కాబట్టి ఇదంతా చెప్పగలుగుతున్నాను.

"అన్నయ్యా, నేను, వరాల్ని. నీకిలాగయ్యిందని నిన్ననే తెలిసింది. లోపలికి రానా? వద్దంటే ఇట్నుంచిటే ఎల్లిపోతాను. మళ్ళీ నీ గుమ్మం తొక్కను."

కోపం ఆయన్ని లేపి కూర్చోబెట్టింది. మొదటిసారిగా ట్యాబ్ అందుకున్నాడు. కోర్టు కాగితాల మధ్య తిరిగిన మనిషి కదా, చక్కటి తెలుగు లిపిలో కొట్టాడు: రావద్దు.

నాకు మెలకువ వచ్చింది. ర, దీర్ఘం, వ, ద, పొల్లు, మళ్ళీ ద, కొమ్ము. ఏడు గుర్తులు. ఏడు గదులని కిందికి చెప్పాను. 'ర'కి, దాని దీర్ఘానికి ఆరు గదులు అయిపోయాయి. ఏడో గదిలో 'వ' ముక్క ఒకటి ఇరుక్కుంది. అర్థం కాని ముక్కని కిందిలోకం అవతల పారేసి, మిగిలినది గట్టిగా పలికింది.

"రా."

ఆమె పరుగులాంటి నడకతో వచ్చేసింది. ఆయన బిత్తరపోయి గుమ్మం వైపు వేలు చూపించాడు. ఎండ వస్తోంది, తలుపు వెయ్యమన్నాడనుకుని ఆమె వేసి వచ్చింది. ఆయన 'పో' అని కొట్టాడు. రెండు గుర్తులు, రెండు గదులు. తెలుగు అక్షరం ఒక్కటి కూడా పట్టని చోటు. ట్యాబ్ నోరు మెదపలేదు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ నిశ్శబ్దం.

ఆమె మంచం పక్కన కూలబడింది. "ఆ రోజు మూడోసారి పిలిచినప్పుడు నీ గొంతు వొణికిందన్నయ్యా. జడ్జిగారికి తెలీలేదు, ప్లీడర్లకి తెలీలేదు, నాకు తెలిసింది. నీకు నా మీద ఇంకా ఆపేక్ష ఉందనుకున్నాను. ఆ వొణుకు పట్టుకునే ఇన్నేళ్ళూ బతికేను. ఇప్పుడు ఆ గొంతే తీసేసారంట."

ముత్యాలరావుగారు తెర మీది 'పో'ని తుడిచేశాడు. కళ్ళలోంచి నీళ్ళు కారి గొంతుకి కట్టిన గుడ్డలోకి ఇంకుతున్నాయి. ఆమె కాసేపు ఆయన పాదాలు నిమిరి, వదిన వచ్చే వేళయిందని లేచింది.

"మళ్ళీ రానా అన్నయ్యా?"

ఆయన గబగబా కొట్టాడు: రా. రెండే గుర్తులు. నేను రెండు గదులే చెప్పాను. ఆమె ట్యాబ్ వైపు ఆశగా చూసింది. ఏమీ పలకలేదు. తెర తిప్పి చూపించాలని గానీ, తల ఊపాలని గానీ తోచక ఆయన బొమ్మని పొడిచి పొడిచి నొక్కాడు. నాకు తెలిసిన లెక్క అదొక్కటే, నొక్కిన ప్రతిసారీ అదే చెప్పాను.

"పోనీలే," అంది ఆమె. కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని తలుపు తీసి మెట్లు దిగింది. ఆయన చెయ్యి ఊపాడు. వీపుకి కళ్ళుంటాయా? నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. ఊరంతటినీ పిలిచిన మనిషి చెల్లెల్ని పిలవలేకపోతున్నాడు. ఆమె చెయ్యి గేటు గడియ మీద పడింది.

ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. ఇందాక తను రాసిందేమిటో, తన చెవులారా విన్నదేమిటో జ్ఞాపకం చేసుకున్నట్టుంది. ఒక్కో గుర్తూ చూసుకుంటూ కొట్టాడు: రావద్దు. ప్రాణం అంతా వేలి చివరికి తెచ్చుకుని నొక్కాడు.

"రా."

ఆమె గడియ వదిలేసి వెనక్కి తిరిగింది. ఏడుస్తూ, నవ్వుతూ మెట్లెక్కి వస్తుంటే ఆయన ట్యాబ్‌ని గుండెకి ఆనించుకుని, తెర మీద రాసినది ఆమెకి కనపడకుండా అరచెయ్యి కప్పేశాడు.