రెండో హెచ్చరిక

గోదారి నీళ్లు వాకిట్లకొచ్చినా రామ్‌సింగ్ కుర్చీలోంచి లేవలే. ఇరవై రెండేండ్లు ఆఫీసుల గుమస్తాగ చేసినోడు. ఆర్డర్ లేకుండ గ్లాసు కూడ జరపడు.

"కుట్టుమిషన్ మిద్దె మీదికి ఎక్కిద్దాం, పట్టుండ్రి," అన్నది భార్య ద్వాలి. ఆ మిషన్ మీద జాకెట్లు కుట్టుకుంటనే ఇద్దరు బిడ్డలను పట్నంల చదివిపిస్తున్నది.

"సర్కారోళ్ల రెండో హెచ్చరిక ఇంక రాలే కద," అన్నడు రామ్‌సింగ్.

ఎడమ పక్కింటి వెంకటరత్నం కేంద్రం ఉద్యోగి, ఏటి నీటిమట్టం కొలుస్తడు. రామ్‌సింగ్ హెచ్చరిక ఎందుకు రాలేదని గోడ మీంచి అడిగిండు.

"రెండో హెచ్చరికకు నలభై ఎనిమిది అడుగులు, అది దాటింది సార్. కొలుసుడే మా పని, చెప్పుడు రాష్ట్రానిది."

కుడి పక్కింటి బిక్షపతి రాష్ట్రం ఉద్యోగి, హెచ్చరికలు మైకుల చెప్పిస్తడు.

"చెప్పుడు మాదే సార్. కాని కేంద్రం కాయితం రావాలె."

ఇద్దరూ ఆ మాటలు చెప్పుకుంటనే ఎవల టీవీ వాళ్లు మిద్దెకెక్కిస్తున్నరు. ఇద్దరి జవాబులూ రూల్ ప్రకారమే ఉన్నయని రామ్‌సింగ్‌కు మనసు కుదుటపడ్డది. ద్వాలి ఒక్కతే మిషన్ లేపబోయింది. లేవలే.

మధ్యాహ్నానికి ఇంట్లకు నీళ్లొచ్చి మొగుడూపెండ్లాం మిద్దె మీదున్నరు. అప్పుడు కరకట్ట మీంచి మైకు పలికింది. "రెండో హెచ్చరిక! లోతట్టు జనం సామాన్లు సర్దుకోవాలె!"

రామ్‌సింగ్ లేచిండు. "ఇగ పట్టు, మిషన్ తెద్దాం."

ద్వాలి మునిగిన మెట్ల దిక్కు చూసింది. "ఆ ఆర్డర్లో ఈదుడు గురించి ఏమన్న ఉన్నదా?"

రామ్‌సింగ్ ప్యాంటు మోకాళ్ల దాక జాగ్రత్తగ మడిచి, నడుంలోతు నీళ్లల్లకు దిగిండు.