కాచిన తేనె

పొద్దున్నుంచి పుష్పావతికి కాలు ఒకచోట నిలవడం లేదు. పొయ్యి దగ్గర కూర్చుంటుంది, అంతలోనే లేచి గుమ్మంలోకి వస్తుంది. రోడ్డుకవతల, ఒకప్పుడు శెనక్కాయ పండిన చేలో, సోలార్ ప్యానెళ్లు ఎండకు మెరిసి కళ్లలో పొడుస్తున్నాయి. ఆటో ఇంకా రాలేదు. వస్తే సవిత ఎక్కుతుందో ఎక్కదో ఆ దేవుడికే తెలియాలి.

సవిత పుష్పావతి మొగుడు ఎర్రిస్వామికి మొదటి పెళ్లాం కూతురు. ఆ తల్లి జ్వరంతో పోయింది. పుష్పావతి ఈ ఇంటికొచ్చి ఏడాది దాటినా, పిల్ల ఆమెను ఏమనీ పిలవదు. కంచం పెడితే తింటుంది, జడ వేస్తానంటే వీపు తిప్పి కూర్చుంటుంది, అంతే. ఇప్పుడు అరసికెరె నుంచి పిల్ల అమ్మమ్మ కరియమ్మ దిగింది, మనవరాలిని తనతో తీసుకుపోయి పెంచుకుంటానని. ఎర్రిస్వామి సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్యానెళ్లకు కాపలా కాసే మనిషికి ఇంటి విషయం వచ్చేసరికి నోరు పెగలదు. "పాప యాడుంటానంటే ఆడ" అనేసి, యూనిఫాం తొడుక్కుని డ్యూటీకి చక్కా పోయాడు. ఎంత సులువో మగవాడికి!

పుష్పావతికి తోచింది ఒకటే. పెళ్లికి ముందు ఆమె బెంగళూరులో ఒక ఇటలీ దొరసాని ఇంట్లో వంట చేసేది. ఆ దొరసాని పండక్కి చేసే తీపి గురించి ఒకసారి చెబితే, "గోలీల మాదిరి ఉంటాయా?" అంది సవిత. ఏడాదిలో పిల్ల తనంతట తాను అడిగిన మాట అదొక్కటే. అందుకే ఇవాళ మైదాలో గుడ్లు, నెయ్యి, చక్కెర, నిమ్మతొక్క తురుము వేసి పిసికింది. ముద్దను తాళ్లలా పేని, చిన్న చిన్న ముక్కలు కోసి, నూనెలో వేసింది. తొందరలో మొదటి వాయి మాడిపోయింది. తన చేతులను తానే తిట్టుకుంది.

సవిత బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుని చూస్తోంది.

"స్ట్రుఫోలి అంటారు దీన్ని" అంది పుష్పావతి. ఆ పేరు లోలోపలే అనుకున్నట్టు పిల్ల పెదవులు కదిలాయి. పుష్పావతికి ప్రాణం లేచొచ్చింది.

గిన్నెలో తేనె పోసి పొయ్యి మీద పెట్టింది. అది పలచబడి నురగ కట్టగానే వేయించిన గోలీలన్నీ అందులో పోసి కలపసాగింది. వెనక నుంచి కరియమ్మ కేక వేసింది.

"ఏందే అది? తేనెను కాస్తాండావా?"

"కొంచెం వేడి చేస్తేనే అన్నిటికీ పట్టేదమ్మా."

"కాచిన తేనె విషం! గొర్లు కాసిన మా ఇండ్లల్లో చిన్నబిడ్డకు గూడా తెలుసు. నా కూతురు పోయింది చాలదా? దాని బిడ్డకు ఇది పెడ్తావా?"

ఆ మాట తేనెను అన్నది కాదు, సవతి తల్లిని అన్నది. దొరసాని పిల్లలు ఈ తేనె గిన్నెలే నాకేవాళ్లు, ఒక్కరికీ ఏమీ కాలేదు. చెబితే మాత్రం వినేదెవరు? ఉక్రోషం పొంగుకొచ్చింది.

"విషమైతే నేనే తింటా. సూడండి."

అన్నీ పళ్లెంలో గుమ్మరించి, గుప్పెడు తీసి నోట్లో కుక్కుకుంది. నాలుక చుర్రుమంది. ఆగకుండా ఇంకో గుప్పెడు తీసింది. అప్పుడే బయట ఆటో హారన్ మోగింది.

"రా పాపా, పోదాం" అని కరియమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుంది.

సవిత ఆ చెయ్యి విదిలించుకుంది. పరుగున వచ్చి పళ్లేన్ని ఒక్క తోపు తోసింది. గోలీలు నేలంతా చెల్లాచెదురయ్యాయి. పిల్ల పుష్పావతి దవడలు పట్టుకుని, నోట్లోకి వేళ్లు దూర్చబోయింది.

"ఉమ్మేయ్! ఉమ్మేయ్! నువ్వు గూడా సచ్చిపోతే నేనెవరికాడ ఉండాల?"

హారన్ మళ్లీ మోగింది. కరియమ్మ మెల్లగా గుమ్మంలోకి పోయి, ఆటోవాడితో, "పోప్పా, పాప రాదు" అంది.

విషం కాదమ్మా, ఏమీ కాదు అని చెబుదామనుకుంది పుష్పావతి. పిల్ల ఆమె నోటి కింద అరచెయ్యి పట్టింది. నోట్లో ఉన్నదంతా ఆ చిన్న అరచేతిలో ఉమ్మేసింది.