పదకొండింటి దాకా పచ్చదనం

మా కంపెనీకి బాధ్యత ఎక్కువ. ఎంత ఎక్కువంటే, దాన్ని గేటు మీద మనిషెత్తు అక్షరాలతో రాయించుకుంది. "బాధ్యతగా తవ్వుతాం. బాధ్యతగా పూడుస్తాం. మీ మాట వింటాం." తవ్వడం వరకు నేనూ ఒప్పుకుంటాను. కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎవరినైనా ఎగతాళి చేయొచ్చు గానీ వీళ్ళను చేయలేం. కొండా మిగల్లేదు, ఎలుకా మిగల్లేదు.

నేను ఆ కంపెనీ నర్సరీలో మేస్త్రిని. నా కింద పద్నాలుగు మంది ఆడవాళ్ళు, అందరం కొండవాళ్ళమే. మా తాతలు తిరిగిన మొదటి కొండ ఇప్పుడొక గొయ్యి. రెండో కొండ ఇంకా కొండగానే ఉంది. దాని నడుము దగ్గర ఒక ఊట ఉంది. మా మూడు గూడేలూ తాగేది ఆ నీళ్ళే. మొదటి గోతిని పూడ్చి, పచ్చగా చేసి, తనిఖీవాళ్ళ చేత "బాధ్యత గల గని" అని ముద్ర వేయించుకుంటే తప్ప రెండో కొండ మీద గునపం పెట్టకూడదని రూలు. అంటే ఊటకీ గునపానికీ మధ్య అడ్డంగా నిలబడింది నా మొక్కలే. అవి బతికితే ముద్ర పడుతుంది, ముద్ర పడితే ఊట పోతుంది. అవి నిజంగా బతికుంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. ఆ ధర్మసంకటం నాకు రాకుండా కంపెనీయే చూసుకుంది.

ఎలాగంటే, తవ్వే ముందు పై మట్టి తీసి పక్కన పెట్టి, పూడ్చాక మళ్ళీ పరవాలి. తీశారు, పక్కన పెట్టారు. ఆ తర్వాత ఆ మట్టి లారీలెక్కి వెళ్ళి కంపెనీ అతిథిగృహం ముందు పచ్చిక కింద హాయిగా పడుకుంది. గోతికి మిగిలింది రాళ్ళపొడి, దాని మీద వేలెడు మందం మట్టి. మూడేళ్ళలో మూడుసార్లు నాటాం, మూడుసార్లూ చచ్చాయి. చచ్చిన ప్రతిసారీ ఆఫీసువాళ్ళు నా పనితనం గురించి నాకు క్లాసు పీకారు.

తనిఖీకి రెండు రోజుల ముందు పచ్చసారు నర్సరీకి వచ్చాడు. ఆయన పర్యావరణ అధికారి. ఎండైనా వానైనా పచ్చకోటు విప్పడు, అందుకని ఆ పేరు. పర్యావరణానికి ఆయన చేసిన మేలు కూడా ఆ కోటు దగ్గరే ఆగిపోయింది.

"మేస్త్రమ్మా, ఎల్లుండి తనిఖీ. ఆరొందల మొక్కలు కావాలి. నిలువెత్తువి."

"మన దగ్గరున్నవి జానెడువి సార్. నిలువెత్తు కావాలంటే మూడేళ్ళు పడుతుంది."

"మూడేళ్ళెందుకు? కొమ్మలుంటాయిగా!"

నాకు అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాను.

"కోసుకొచ్చి గుచ్చండి," అన్నాడు. "వాళ్ళు ఎనిమిదికి వస్తారు, తొమ్మిదిన్నరకి వెళ్ళిపోతారు. ఒక సినిమా, ఒక ఉపన్యాసం, అటూ ఇటూ నడక, సంతకం. ఏమన్నా పీకి చూస్తారా ఏంటి?"

"ఏ చెట్టు కొమ్మలు సార్?"

"ఆకులున్నవి," అన్నాడు. పెద్ద చదువులు చదివిన మనిషి చెప్పిన జవాబు అది.

సరే అన్నాను. కాదంటే నా పని పోతుంది, రేపు ఇంకో మేస్త్రి వచ్చి ఇవే కొమ్మలు గుచ్చుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. పిరికివాళ్ళకు ఇలాంటి లెక్కలు బాగా వస్తాయి. నన్ను తిట్టుకోవాలనుకునేవాళ్ళు ఇక్కడినుంచే మొదలుపెట్టొచ్చు, నేను అప్పుడే మొదలుపెట్టాను.

అయితే నా చేతిలో ఒకటుంది. మందపాటి మెరుపాకు కొమ్మను కోసి గుచ్చితే మూడు రోజులైనా తల వాల్చదు. పల్చటి వెడల్పాకు కొమ్మ అలా కాదు. పొద్దున కళకళలాడుతుంది, ఎండెక్కి పదకొండయ్యేసరికి తడిగుడ్డలా వేలాడుతుంది. ఈ తేడా నర్సరీలో నెల రోజులు పనిచేసిన ఎవరికైనా తెలుసు, అంటే పచ్చసారుకు తెలియదు. వెడల్పాకే కోయమని మావాళ్ళకు చెప్పాను. ఇక తొమ్మిదిన్నరకు వెళ్ళిపోయేవాళ్ళను పదకొండింటి దాకా కూర్చోబెట్టడం ఒక్కటే మిగిలింది.

అందుకు మా మేనత్త ఉంది. నాన్నకు అక్క, మూడు గూడేలకూ పెద్దమనిషి. ఆవిడకు చిన్నప్పుడు వస కాస్త ఎక్కువే పోసినట్టున్నారు. మాట్లాడటం మొదలుపెడితే ఎదుటివాళ్ళు నిద్రపోయి, లేచి, ముఖం కడుక్కుని వచ్చినా అదే కథ నడుస్తూ ఉంటుంది. తనిఖీ రోజు "స్థానిక పెద్ద మాట, అయిదు నిమిషాలు" అని కంపెనీ ఆవిడ పేరే రాసుకుంది. నేను వెళ్ళేసరికి దుప్పటికి మాసిక వేస్తోంది.

"అత్తా, ఎల్లుండి నీకు మైకిస్తారంట."

"తెలుసు. అయిదు నిమిషాలంట. అయిదు నిమిషాల్లో నాకు గొంతు సవరించుకోడం కూడా అవదు."

"ఆపకుండా ఎంతసేపు మాట్లాడగలవు?"

సూది ఆపి నా వంక చూసింది. "నీకెంతసేపు కావాలే?"

జరిగిందంతా చెప్పాను. ఆవిడ సూదిని దుప్పటికి గుచ్చి పక్కన పెట్టింది.

"అంతా బానే ఉంది గానీ, వాటికి వేర్లు లేవని నువ్వే చెప్పొచ్చుగా? నీకూ నోరుందిగా?"

"నా పని పోతుందత్తా."

"ఓహో! అయితే ఇప్పుడు నా నోరు అరువు కావాలన్నమాట," అని మళ్ళీ సూది అందుకుంది.

తనిఖీ రోజు పొద్దు పొడిచేసరికి గుచ్చడం అయిపోయింది. రాత్రంతా డ్రమ్ముల నీళ్ళలో నిలబడ్డ కొమ్మలు ఆకు మీద ఆకు పరిచి నిగనిగలాడుతున్నాయి. సంగతి తెలిసి కూడా నాకే ముచ్చటేసింది. పైన పటారం, లోన లొటారం అంటారే, లొటారం కూడా లేదు. లోపల ఉన్నది రాళ్ళపొడి.

తనిఖీకి ఇద్దరు వచ్చారు. ఒకావిడ వెడల్పాటి టోపీ పెట్టుకుంది. ఆవిడ అడుగడుక్కీ ఆగి, గాలి పీల్చి, కళ్ళు చెమ్మ చేసుకుంటుంది. రెండో ఆయన ఆవిడ ఏమంటే అది రాసుకుంటాడు. తనంతట తాను రాసింది ఒక్క అక్షరం కూడా నాకు కనబడలేదు.

"మేం మాట్లాడ్డానికి రాలేదు. మీ మాట వినడానికి వచ్చాం," అంది టోపీ మేడం, గేటు మీది అక్షరాలను మెచ్చుకుంటున్నట్టు.

పూడ్చిన గోతి పక్కనే వేసిన టెంటు కింద సినిమా వేశారు. ఎనిమిదిన్నరకు మా అత్త చేతికి మైకు వచ్చింది.

ఆవిడ తను పుట్టిన రోజు నుంచి మొదలుపెట్టింది. తొమ్మిదింటికి అయిదో ఏడు వచ్చింది. తొమ్మిదిన్నరకు పెళ్ళయింది. మా మామ గురక గురించి పావుగంట చెప్పింది. మోకాలి నొప్పి ఏ కాలికి ముందొచ్చిందో చెప్పి, కాదు కాదు రెండో కాలికని దిద్దుకుని మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పచ్చసారు గడియారం చూపించాడు. ఆవిడ టైమెంతయిందో చదివి ఆయనకే చెప్పి సాగిపోయింది. గ్లాసుతో నీళ్ళు పంపితే తాగి, నీళ్ళ దగ్గరినుంచి ఊట గురించి ఎత్తుకుంది. అప్పుడు మాత్రం గొంతు మారింది. ఎండలు మండిపోయిన ఏళ్ళలో కూడా ఆ ఊట ఆగలేదని, పసిబిడ్డకు తొలి చుక్క పోసేదీ ముసలివాళ్ళకు చివరి చుక్క పోసేదీ అందులోంచేనని చెప్పింది. మా ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. టోపీ మేడమూ తుడుచుకుంది, ఆవిడకు అలవాటే కదా.

పదింటికి పచ్చసారు ఇక ఆగలేక లేచి మైకు అందుకోబోయాడు.

"దయచేసి అడ్డుపడకండి. స్థానికుల మాట వినడం మా మొదటి సూత్రం," అంది టోపీ మేడం.

పచ్చసారు తేలు కుట్టిన దొంగలా కూర్చుండిపోయాడు. వెనక్కి తిరిగి ఆ కొమ్మల తోట వంక చూసే ధైర్యం కూడా లేదాయనకు. నేను చూస్తూనే ఉన్నాను. ముందు తూర్పువైపు వరస తల దించింది, తర్వాత మధ్య వరసలు. పదకొండు దాటాక ఆరొందల కొమ్మలూ ఉరేసినట్టు వేలాడాయి. నేను చెంగుతో ముఖం తుడుచుకున్నాను, ఇక ఆపమని అత్తకు అదే గుర్తు.

"ఇంకా చానా ఉంది గానీ, మీరు పనున్నోళ్ళు," అని అత్త మైకు ఇచ్చేసింది.

అందరూ తోట వైపు తిరిగారు. టోపీ మేడం దగ్గరికి నడిచి ఒక ఆకు పట్టుకుంది. ఒక్కసారి లాగు తల్లీ, ఒక్కసారి, అని మనసులోనే మొక్కాను.

"అయ్యో పాపం," అంది ఆవిడ. "ఎంత దాహంతో ఉన్నాయో!"

రెండో ఆయన దాహం అని రాసుకున్నాడు.

మునిగిపోతున్న పచ్చసారుకు దుంగ దొరికింది. "అదే మేడం, నీళ్ళే సమస్య. మా మొక్కలకు ఇక్కడ నీటి వసతి లేదు."

"లేకపోవడమేంటి? ఇందాక ఆ పెద్దావిడ ఎంత చక్కగా చెప్పారు! పక్క కొండ మీద ఊట ఉందట, ఎండాకాలంలో కూడా ఆగదట. అక్కడినుంచి పైపు వేయండి. ఆ ఒక్క షరతు మీద ముద్ర ఇచ్చేద్దాం." తలాడించి, కలం తీసింది.

వినడమంటే ఇదీ. రెండున్నర గంటలు కదలకుండా విని, నీళ్ళు ఎక్కడున్నాయో మాత్రం పట్టుకున్నారు. అంతవరకు నాకు వాళ్ళ మీద ఉన్నది ఏవగింపే. అప్పుడు అత్త వంక చూశాను. ఆవిడ నోరు తెరిచి ఉంది, మాట రావడం లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆవిడకు మాట రాకపోవడం నేను చూడలేదు. ఏవగింపంతా తిరిగి నా మీదికే వచ్చింది. తెలివి నాది, పిరికితనం నాది, ఊట సంగతి వాళ్ళ చెవిన వేయించింది నేను.

వెళ్ళి టోపీ మేడం ముందున్న కొమ్మను పీకి ఆవిడ చేతిలో పెట్టాను.

"వీటికి దాహం లేదు మేడం. తాగడానికి నోరే లేదు."

చివర కత్తితో ఏటవాలుగా కోసిన కోత తెల్లగా కనిపిస్తోంది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. నేను ఇంకోటి పీకాను, ఇంకోటి.

"ఎవరు చేశారిది?"

"నేనే. నా చేతుల్తో గుచ్చాను. గుచ్చమన్నది ఈ సారు. కావాలంటే ఆరొందల్లో మీకు నచ్చింది మీరే పీకి చూడండి."

"మేస్త్రమ్మా!" అన్నాడు పచ్చసారు.

ఆవిడ రెండు వరసల అవతలికి వెళ్ళి ఒకటి లాగింది. వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చేసింది. నేను కాలి మడమతో నేల గీకి కింద ఉన్న రాళ్ళపొడి చూపించాను. "దీని మట్టి రాత్రి మీరు బస చేసిన అతిథిగృహం ముందుంది. పొద్దున చెప్పుల్లేకుండా నడిచారటగా, మెత్తగా ఉందా?"

రెండో ఆయన అప్పుడు ఎవరూ చెప్పకుండానే ఏదో రాసుకున్నాడు. టోపీ మేడం కలానికి మూత పెట్టింది. ముద్ర పడలేదు, పైపు మాటా మళ్ళీ రాలేదు. ఇంకో ఏడు ఇంకో టోపీ రావచ్చు. ఆ రోజుకు మాత్రం ఊట మాదే. కార్లు కదిలాక పచ్చసారు నా దగ్గరికి వచ్చి, రేపట్నించి పనిలోకి రావద్దన్నాడు. సరే సార్ అన్నాను. అలవాటైన మాట, ఈసారి అది నోటికి చేదుగా లేదు.

నా వెనక పద్నాలుగు మందీ నిలబడే ఉన్నారు. ఎవరూ ఒక్క కొమ్మ కూడా పీకలేదు. పీకమని అడిగే ముఖం నాకూ లేదు.

అత్తా నేనూ గూడెం దారి పట్టాం. ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. సగం దారిలో ఆగి, నా చెయ్యి పట్టుకుని, గుసగుసగా అంది.

"వేర్లు లేవు మేడం. ఇంతేగా నువ్వు చెప్పింది?"

"అంతే అత్తా."

"ఆ ముక్కేదో పొద్దున ఎనిమిదింటికే చెప్పి చస్తే, మీ మామ గురక సంగతి ఊరందరి ముందూ చెప్పుకునే ఖర్మ నాకు తప్పేదిగా!"